గూఢచారిణులు: శాస్త్రమును సాక్ష్యమును

రాజులకుఁ జారులు కన్నులని మన నీతిశాస్త్రకారు లెల్లరు నేకముఖముగాఁ జెప్పియున్నారు. ఆ కన్నులలో స్త్రీల పాలెంత యను ప్రశ్నమునకు మాత్రము పాఠశాలలలో రెండు విధములైన సమాధానములు వినఁబడుచుండును. కొందఱు విషకన్యల కథలు చెప్పి, స్త్రీచారమనఁగా నది యొక్కటియే యని శిష్యులకు బోధింతురు. కొందఱు దీని నంతయుఁ గట్టుకథయని త్రోసివేయుదురు. మొదటివారు లేనిదానిని గల్పించుచున్నారు. రెండవవారు ఉన్నదానిని బోఁగొట్టుచున్నారు. ఈ రెండు మతములును బ్రమాణదూరములని నా యభిప్రాయము.

ఈ వ్యాసమున మొదట శబ్దమును, పిదప శాస్త్రమును, ఆపైని బెనుగొండ రాజ్యమునకు సంబంధించిన సాక్ష్యమును విచారించి, తుదకు అమెరికాదేశపు యుద్ధములలోని స్త్రీచారుల వృత్తాంతములతోఁ బోల్చి చూచెదను. అమెరికా యేల యని యడుగవచ్చును. ఆ దేశమున 1775 మొదలు జరిగిన యుద్ధములలో స్త్రీలు చేసిన చారకృత్యములకు ఉత్తరములు, వాఙ్మూలములు, భరణపుఁ గాగితములు మిగిలియున్నవి. శాస్త్రమునఁ జెప్పఁబడినది లోకమున నెట్లు నడచునో పరీక్షించుట కవి యొరగల్లు వంటివి.

శబ్దవిచారము

అమరసింహుఁడు క్షత్రియవర్గమునఁ జారునకు ఏడు పేరులు చెప్పెను. చర, చార, స్పశ, ప్రణిధి, అపసర్ప, యథార్హవర్ణ, గూఢపురుష శబ్దములు ఆ యేడు. అన్నియుఁ బుంలింగములే. దీనినిఁ జూచి స్త్రీలకు ఈ వృత్తి లేదని నిర్ణయించుట తగదు. పచాదిగణమునఁ 'జరట్' అని టకారానుబంధముతోఁ బఠింపఁబడియున్నది. టిత్త్వమువలన ఙీప్ప్రత్యయము వచ్చి 'చరీ' యను రూపము సిద్ధించును. చరశబ్దముమీఁద స్వార్థమున నణ్ప్రత్యయము చేర్పఁగా వచ్చు చారశబ్దమునకును 'చారీ' యని స్త్రీరూపము గలదు. ణినిప్రత్యయముతో 'గూఢచారిణి' యగును. కోశకారుఁడు విడిచినను వ్యాకరణము విడువలేదు.

స్త్రీపురుషులను గలిపి చెప్పునపుడు పుంలింగశబ్ద మొక్కటియే మిగులునని పాణిని యేకశేషవిధి. అట్లు మిగిలిన శబ్దము లోపించినదాని యర్థమును గూడఁ జెప్పునని వ్యాఖ్యాతల సిద్ధాంతము. శబ్దమునకే లోపము, అర్థమునకుఁ గాదు. తెనుఁగున 'వేగులవారు' అనుమాటయు నిట్టిదే. మహతీవాచకములు బహువచనమున మహద్వాచకములతో సమానములు గాన, ప్రాచీనగ్రంథములలో 'వేగులవారు వచ్చిరి' యన్నచోట వచ్చినవారు పురుషులో స్త్రీలో శబ్దమువలనఁ దెలియదు. కావున శబ్దమునుబట్టి యభావమును సాధింపరాదు.

స్పశశబ్దమును గూర్చి యొకమాట. చూచుట యను నర్థముగల స్పశ్ధాతువునుండి వచ్చిన ఈ శబ్దము ఋగ్వేదమున వరుణుని చారులకు వాడఁబడినది. ఆంగ్లమునఁ జారునకుఁ గల 'స్పై' యను పేరు నీ ధాతువంశమునకే చెందినదని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వేల యేండ్లకుఁ బూర్వము చీలిన రెండు భాషలు ఈ పనికి నొక్క ధాతువునే నిలుపుకొన్నవి.

ఋగ్వేదమున దశమమండలమందలి నూట యెనిమిదవ సూక్తమునఁ గనఁబడు సరమ మన వాఙ్మయమున మొట్టమొదటి గూఢచారిణి యని చెప్పఁదగినది. పణులు దాఁచిన గోవుల జాడ వెదకుటకై యింద్రుఁ డామెను బంపెను. ఆమె రసానదిని దాఁటి శత్రుస్థానమును జేరెను. పణులు బెదరించిరి, పిదప తమకు సోదరిగా నుండుమనియు, గోవులలో భాగ మిత్తుమనియు నాస చూపిరి. ఆమె యంగీకరింపలేదు. ఇది సూక్తమునందలి కథ. తరువాతిదైన బృహద్దేవతలో నిదే సరమ పణుల పాలు త్రాగి, యింద్రుఁ డడుగఁగా గోవులను జూడలేదని బొంకినట్లున్నది. మూలమున విశ్వాసపాత్రయైనది తరువాతి కథలో ద్రోహియైనది. స్త్రీచారుల చరిత్ర యంతటను ఈ రీతి మరలఁ గనఁబడును గాన దీనిని జ్ఞప్తియం దుంచుకొనవలయును.

శాస్త్రమతము

కౌటిల్యుని యర్థశాస్త్రము చిరకాలము పేరుమాత్రముగ నుండి, 1905లో మైసూరు ప్రాచ్యపుస్తకభాండాగారమున శామశాస్త్రిగారికి దొరకి, 1909లో ముద్రితమైనది. అంతకుముందు విషకన్యల కథ లొక్కటియే మనకు గతి. ఆ గ్రంథము వెలువడిన పిదప స్త్రీచారము శాస్త్రవిహితమైన రాజ్యాంగమని స్పష్టమయ్యెను.

ప్రథమాధికరణమున గూఢపురుషులు రెండు తెగలు. ఒకచోట నిలిచి పనిచేయు కాపటికాదు లైదుగురు సంస్థలు. తిరుగుచుఁ బనిచేయువారు సత్రి, తీక్ష్ణుఁడు, రసదుఁడు, భిక్షుకి యని నలుగురు. ఈ నాలవది స్త్రీ. ఆమెకుఁ జెప్పిన లక్షణములు గమనింపఁదగినవి. ఆమె పేదరాలు, విధవ, బ్రాహ్మణి, జీవనోపాయమును గోరునది, ప్రగల్భ. అంతఃపురమున గౌరవము పొందుచు మహామాత్రుల యిండ్లకుఁ బోవుచుండవలయును. ముండితలైన యితరస్త్రీలకును, శూద్రస్త్రీలకును ఇదియే విధి. ఇందు సౌందర్యప్రసక్తి లేదు. ఆమె బలమంతయు ఏ యింటి వాకిటను ఎవ్వరును ఆపకుండుటయందే కలదు.

ఒకవేళ భిక్షుకి నాఁపిరేని యేమి చేయవలయునో శాస్త్రకారుఁడు చెప్పుచున్నాఁడు. ద్వారపాలకుల వరుసచేతను, లోపలివారికిఁ దల్లిదండ్రులమని చెప్పుకొనువారిచేతను, శిల్పము లెఱిఁగిన స్త్రీలచేతను, గాయకులచేతను, దాసీలచేతను వార్త వెలువడవలయును. ఆ వార్త పాటలోనో, వాద్యములోనో, భాండములోనో, రహస్యలేఖలోనో, సంజ్ఞలోనో పోవును.

ఇంతకంటె ముఖ్యములైనవి మూఁడు నియమములు. మొదటిది: చారు లొకరి నొకరు ఎఱుఁగరాదు. రెండవది: ఇట్లు పరస్పరము తెలియని ముగ్గురి మాట యేకమైననే విశ్వసింపవలయును; మాటిమాటికిఁ దప్పువార్తలు తెచ్చువారిని గుట్టుగా దండింపవలయును, లేదా తొలఁగింపవలయును. మూఁడవది జీతము. సత్రి, తీక్ష్ణ, రసదులకు 500 పణములు. భిక్షుకికిని 500 పణములే. స్త్రీ యని యొక పణమును దగ్గింపలేదు. వీరి వార్తలను మోయువారికి 250 పణములు.

అదే శాస్త్రకారుఁడు అంతఃపురరక్షణ ప్రకరణమున రాణులు ముండితలతోను, జటాధారులతోను, బయటి దాసీలతోను సంసర్గము చేయరాదని నిషేధించెను. తాను పరుల యిండ్లకుఁ బంపువారినే తన యింటికి రానీయవలదని తాత్పర్యము. పరరాజులును నిదే యుపాయము నెఱుఁగుదురని యాతఁ డెఱుఁగును. శాస్త్రమున స్త్రీచారము విధియు నిషేధమును గూడ నగుటయే, అది వాస్తవముగ నడచుచుండిన వ్యవహారమనుటకు బలమైన నిదర్శనము. లేనిదానిని ఎవ్వరును నిషేధింపరు.

పెనుగొండ రాజ్యము

ఇఁక మన సీమకు వత్తము. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అను మూఁడు పట్టణములును 1882లో నేర్పడిన అనంతపురము జిల్లాలో నుండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరినవి. వీనిలోఁ బెనుగొండ ప్రాచీనము. మొదటి బుక్కరాయలు ఆ రాజ్యమును దన కుమారుఁడగు విరుపణ్ణ యొడయరున కప్పగించినట్లు 1354 నాఁటి కోటద్వారపు శాసనము తెలుపుచున్నది. 1565లో రాక్షసితంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు విజయనగరమును విడిచి ధనముతోఁ బెనుగొండ చేరెను. అప్పటినుండి వేంకటపతిరాయలు చంద్రగిరికిఁ బోవుదాఁక నదియే రాజధాని. ధర్మవరము చెఱువును గట్టించిన క్రియాశక్తి యొడయరు తన తల్లి ధర్మాంబ పేర నా యూరి నిలిపెనని స్థలచరిత్ర. చెఱువువలన నొక స్త్రీ పేరు ఊరిపేరై నిలిచినది. చారకృత్యమువలన నట్లు నిలిచిన పేరు ఈ సీమలో లేదు. ఆ పనియొక్క స్వభావమే యట్టిది.

విజయనగరపు అంతఃపురమును గూర్చి ముఖ్యసాక్షి ఫెర్నావ్ న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుఁడు. ఆతఁడు సుమారు 1535లో అచ్యుతరాయల కాలమున నీ దేశమున నుండెను. ఆతని వ్రాఁతను రాబర్టు స్యూయెల్ 1900లో నాంగ్లమునఁ బ్రకటించెను. రాజనగరులో మల్లయుద్ధము చేయు స్త్రీలు, జ్యోతిషము చెప్పు స్త్రీలు, రాత్రివేళ నగరు కాచు స్త్రీలు ఉండిరని యాతఁడు చెప్పెను. అంతకంటె నమూల్యమైనది మఱియొక వాక్యము. లోపలి వ్యయమంతయు వ్రాయు స్త్రీలు వేఱు. రాజ్యవ్యవహారముల నెల్ల వ్రాసి, బయటి లేఖకుల పుస్తకములతో సరిచూచు స్త్రీలు వేఱు.

న్యూనిజ్ వీరిని జారులని చెప్పలేదు. మనమును జెప్పరాదు. కాని వీరి పని యేమి? బయట పురుషులు వ్రాసినదానికిని, లోపల స్త్రీలు వ్రాసినదానికిని భేద మున్నచో రాజునకుఁ దెలియును. రెండు లేఖనములును వేఱువేఱుగా నడచును. కౌటిల్యుఁడు చారులకు విధించిన నియమమే యిచటఁ గరణములకు వర్తించినది. అర్థశాస్త్రపు 'అన్యోన్యాజ్ఞాన' సూత్రము విజయనగరపు నగరులో స్త్రీలచేత నడిపింపఁబడెనని చెప్పుటకు న్యూనిజ్ వాక్యము చాలును. అంతకు మించి చెప్పుటకుఁ జాలదు.

ఇట్టి రక్షణ యేల యావశ్యకమయ్యెనో పెనుగొండ చరిత్రమే చెప్పును. సాళువ నరసింహుని కుమారుఁడు, పేరునకు రాజై, పెనుగొండలో మంత్రియగు నరసానాయకుని కావలిలో నుంచఁబడెనని న్యూనిజ్ వ్రాసెను. పదునాఱవ శతాబ్ది చివర గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ పెనుగొండను ముట్టడింపఁగా, సంధిమాటలచేఁ గొంత వ్యవధి సంపాదించి, ఆ వ్యవధిలోఁ గోటలోనికి జగదేవరాయలు ధాన్యమును బలమును జేర్చెను. ముట్టడి విఫలమైనది. కోటలోపల నేమి జరుగుచున్నదో బయటివానికిఁ దెలియకపోవుటయు నా విజయమునకుఁ దోడ్పడియుండును. హిందూపురము చెంతనున్న లేపాక్షిలోఁ బ్రసిద్ధమైన విరుపణ్ణ కథయు నిటువంటిదే. ఆతఁడు కోశధనమును గుడికి వెచ్చించుచున్నాఁడని రాయలకు వార్త పోయెను. రాజదండనమునకు ముందే తన కన్నులను దానే పెఱికి గోడకుఁ గొట్టెనని జనులు చెప్పుదురు. ఆ వార్తను మోసినవారెవ్వరో కథలో లేదు. కన్నులు పోఁగొట్టుకొన్నవాని పేరు నిలిచినది, రాజునకుఁ గన్నైనవారి పేరు నిలువలేదు.

స్త్రీచారమునకు నుదాహరణముగాఁ దఱచు ఫిరిస్తా చెప్పిన కథ నుదాహరింతురు. 1398లో ఫిరోజ్‌షా బహమనీ కృష్ణకు ఆవలి యొడ్డున నుండ, ఈవలి యొడ్డున రాయల దండు విడిసియుండెను. నది దాఁటుట యశక్యమైనది. ఖాజీ సిరాజ్ అనువాఁ డేడుగురు మిత్రులతో ఫకీరు వేషమున రాయల శిబిరముఁ జేరి, యొక నర్తకిని వలచినట్లు నటించి, వాద్యనైపుణ్యముఁ జూపి, స్త్రీవేషమున నామెతోఁ గూడ రాజకుమారుని సభకుఁ బోయి, కత్తులతో నాడుచు నాతనిఁ జంపెనని కథ. దీనిని బట్టి నర్తకీజనము శత్రుచారులని వ్రాసినవారున్నారు. కథ నున్నదున్నట్లు గ్రహించినను, చారుఁడు పురుషుఁడు, నర్తకి మోసపోయినది. స్త్రీవేష మొక్కటియే యిందుఁ జారము. మఱియు ఫిరిస్తా 17వ శతాబ్ద్యారంభమున బిజాపురమున వ్రాసెను. సంఘటనకును వ్రాఁతకును రెండువందల యేండ్ల దూరము, సాక్షి యొకఁడు, ఆ సాక్షియు నెదుటి పక్షము వాఁడు. త్రయాణామైకమత్యము లేదు. మోసపోయినదానిని ద్రోహిగాఁ జేయుట సరమకు జరిగిన యన్యాయము వంటిదే.

అమెరికా యుద్ధములు

అమెరికా స్వాతంత్ర్యయుద్ధమున (1775 – 1783) లిడియా డారా యను గృహిణి ఫిలడెల్ఫియాలో నుండెను. ఆమె యింట నాంగ్లసేనాధికారులు సమావేశమై 1777 డిసెంబరులో వాషింగ్టన్ శిబిరముపై దాడి నాలోచింపఁగా, ఆమె చాటుగ విని, పిండి తెచ్చు నెపమునఁ బట్టణము వెడలి వార్త చేర్చెనని కథ. ఈ కథ తొలుత నచ్చైనది 1827లో, అనఁగా నేఁబదియేండ్లకు. కాని వాషింగ్టన్ కొలువులోని యెలియాస్ బూడినాట్ తన వ్రాఁతలలో వేఱొక విధముగఁ జెప్పెను. పేదయై, చూపునకుఁ దక్కువగాఁ గనఁబడు నొక ముదుసలి తనకు సూదులసంచి యిచ్చెననియు, దాని యఱలో చుట్టిన కాగితమున 5,000 మంది 13 ఫిరంగులతో వచ్చుచున్న వార్త యుండెననియు నాతని మాట. పేరు చెప్పలేదు. రెండు సాక్ష్యములు వివరములయందు భిన్నములు. స్త్రీ యొకతె పట్టణమునుండి వచ్చి హెచ్చరించెనను నంశమున నేకములు. ఆ యంశము మాత్రము గ్రాహ్యము. సూదులసంచి మన శాస్త్రమునందలి 'భాండము'. అందలి కాగితము 'గూఢలేఖ్యము'.

ఇంతకంటె వ్యాకరణపండితులకు వినోదమైనది '355' వృత్తాంతము. 1778లో వాషింగ్టన్ కొఱకు న్యూయార్కు ప్రాంతమున నేర్పడిన కల్పర్ అను చారబృందము మాటలకు బదులు అంకెలు వాడెను. వాషింగ్టన్ 711; న్యూయార్కు 727; కులస్త్రీ 355. ఆ బృందమునందలి వుడ్‌హల్ 1779 ఆగస్టులో వ్రాసిన లేఖయందు, తన కెఱుకయైన యొక 355 సాయముచేయునని సూచించెను. ఆ యంకె యట్లు వచ్చిన తావు అది యొక్కటియే. తరువాతివారు దీనినుండి '355' అను పేరుగల యొక యువతిని నిర్మించి, ఆమెకు ప్రియునిఁ గల్పించి, చెఱసాలయైన యోడలోఁ జనిపోయినట్లు కథ చెప్పిరి. జాతివాచకమును సంజ్ఞావాచకముగా భ్రమించుటయే దీనికి మూలము. కోశమున 355 అనఁగా 'ఒక స్త్రీ'; పేరు గాదు. అట్లని స్త్రీ యొకతె సాయపడెనను నంశము పోదు. కల్పనను దీసివేసిన పిదపను మిగులునది నిజమైన చిన్న వాక్యము, అది చాలును.

ఉత్తరదక్షిణరాష్ట్రముల యంతర్యుద్ధమునకు (1861 – 1865) వచ్చుసరికి సాక్ష్యము విస్తారమగును. వాషింగ్టన్ నగరమున రోజ్ గ్రీన్‌హౌ అను విధవ యుండెను. మంత్రులును శాసనసభ్యులును ఆమె యింటికి వచ్చుచుండిరి. ఆమె దక్షిణపక్షపాతిని. 1861 జూలై 21న బుల్ రన్ యుద్ధమునకు ముందు ఉత్తరసేన కదలికను సంకేతలేఖలచే దక్షిణసేనాని బోరిగార్డుకుఁ దెలిపెను. ఆ లేఖలలో నొకదానిని బెట్టీ డువాల్ అను యువతి తన కొప్పులోఁ జుట్టుకొని మోసెను. గ్రీన్‌హౌ ఆగస్టులో నిర్బంధింపఁబడి, మఱుసటియేఁడు దక్షిణమునకుఁ బంపఁబడి, 1863లో లండనులో స్వచరిత్రమును బ్రకటించి, 1864 అక్టోబరు 1న తిరిగివచ్చుచు, ఒంటిమీఁదనున్న బంగారపు బరువున సముద్రమున మునిఁగెను. విధవ, ప్రగల్భ, మహామాత్రకులములతోఁ బరిచయముగలది: పేదరికము, బ్రాహ్మణ్యము తప్పఁ దక్కిన లక్షణములన్నియు అర్థశాస్త్రపుఁ బరివ్రాజికవే.

ఎదుటిపక్షమున రిచ్‌మండు నగరమున ఎలిజబెత్ వాన్ లూ (1818 – 1900) యుండెను. దక్షిణమునఁ బుట్టి ధనికురాలైనను దాస్యమును నిరసించి, చెఱలోనున్న యుత్తరసైనికులకు సాయపడుచు, సేనాని గ్రాంటునకు వార్తలు పంపుచుండెను. గ్రాంటు దేశాధ్యక్షుఁడై 1869లో నామెను రిచ్‌మండు తపాలాధికారిణిగ నియమించెను. ఆమె యుద్ధము ముగిసిన పిదప యుద్ధశాఖనుండి తన లేఖలను దెప్పించుకొని నాశనము చేసెను. తన యూరిలోఁ దాను బ్రదుకవలసియుండెను గదా. ఆమె వెఱ్ఱిదానివలె నటించుచుండెనను ప్రసిద్ధకథ తరువాతివారి కల్పనయని ఆమె చరిత్రమును 2003లో వ్రాసిన ఎలిజబెత్ వేరన్ నిరూపించెను. నేర్పును వెఱ్ఱిగా మార్చి చెప్పుటయు సరమవృత్తాంతపు మఱియొక భేదము.

వాన్ లూ కుటుంబమున దాసిగాఁ బుట్టి విడుదలనొందిన మేరీ రిచర్డ్స్ దక్షిణాధ్యక్షుని యింట వార్తలు సంగ్రహించెను. వాన్ లూ దినచర్యలో 'మేరీ' తెచ్చిన వార్తలు పేర్కొనఁబడినవి. ఆమెయే 1865లో న్యూయార్కున మాఱుపేరుతో నుపన్యసించి తన చారకృత్యమును జెప్పెను. 'బౌసర్' అను పేరుతో నేఁడు చెప్పఁబడు నామె కథలో, ఒకసారి చూచినదెల్ల నక్షరము తప్పక యప్పగించుననియు, పోవునపు డధ్యక్షుని యింటికి నిప్పుపెట్టఁజూచెననియు నున్న భాగములు తరువాతి చేర్పులు. దాసియెదుట యజమానులు నిస్సంకోచముగ మాటలాడుదురు. ఆమెకుఁ జదువు రాదని తలంతురు. దాసీలను బేర్కొనిన కౌటిల్యునికి నీ రహస్యము తెలియును.

హారియట్ టబ్‌మన్ వృత్తాంతము వీనిలో నగ్రగణ్యము. మేరీలాండున దాసిగాఁ బుట్టి తప్పించుకొని, మరల మరల వెనుకకుఁ బోయి తనవారిని విడిపించిన యామె, యుద్ధమున దక్షిణ కరోలినాకుఁ బోయి, దాసజనముచే వార్తలు సేకరించు చారులకు నాయకురాలయ్యెను. 1863 జూన్ 2న కర్నల్ మాంట్‌గొమరీతోఁ గూడ కాంబాహీ నదిమీఁద జరిపిన దాడిలో 700కు మించిన దాసులు విముక్తులైరి. దీనికి సాక్ష్యము మూఁడు విధములు: ఆనాఁటి వార్తాపత్రికలు, సేనాని సాక్స్‌టన్, మాంట్‌గొమరీల లేఖలు, ఎనమండుగురు తొమ్మండుగురు వేగులవారికి నాయకురాలిగను, ఆస్పత్రిలో దాదిగను, వంటకత్తెగను బనిచేసినందులకు 1,800 డాలర్లు రావలయునని యామె యిచ్చిన ప్రమాణపత్రము. మూఁడును ఏకవాక్యములు. కౌటిల్యుఁ డీమెను నమ్మును.

అయినను ప్రభుత్వ మేమి చేసెను? 1899లో నామెకు నెలకు 20 డాలర్లు మంజూరుచేసెను. అందు 8 డాలర్లు సైనికుని విధవయగుటచేతను, తక్కినది దాదిపని చేసినందులకును. చారనాయకత్వమునకుఁ గాసు లేదు. ఆమె 1913లో మరణించెను. 2021లో సైనికచారశాఖవారి గౌరవశ్రేణిలో నామె పేరు చేర్పఁబడెను. 2024లో మేరీలాండు ప్రభుత్వము మరణానంతరము బ్రిగేడియరు పదవి నిచ్చెను. నూటపదునొకండేండ్లకు శబ్దము వచ్చినది. భిక్షుకికి సత్రితో సమముగ 500 పణములు విధించిన శాస్త్రమును దలఁచిన నీ యాలస్యము మఱింత స్పష్టమగును.

మన సీమతో నొక సంబంధము

పెనుగొండ, హిందూపురము ప్రాంతములు హైదరు, టిప్పుల యేలుబడిలో నుండి, 1799లో టిప్పు శ్రీరంగపట్టణమునఁ గూలిన పిదప నిజామునకుఁ జేరి, 1800లోఁ గుంపిణీకి దత్తమైనవి. ఆ టిప్పు వంశమునకుఁ జెందినదని కుటుంబసంప్రదాయము గలిగిన నూర్ ఇనాయత్ ఖాను కథ యిచటఁ జెప్పఁదగినది. ఆమె తండ్రి ఇనాయత్ ఖాను బరోడాలోఁ బుట్టిన గాయకుఁడు. హైదరాబాదున నిజాము మహబూబలీఖానుని యెదుట వీణ వాయించి, యా నగరముననే సూఫీగురువు నాశ్రయించెను. తండ్రికి మాతామహి టిప్పు మనుమరాలని చెప్పుదురు. తల్లి యోరా రే బేకర్ అమెరికావాసిని.

నూర్ 1914 జనవరి 1న మాస్కోలోఁ బుట్టి, పారిసులోఁ బెరిగి, పిల్లల కథలు వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషువారి రహస్యకార్యశాఖలో నిస్తంత్రీవార్తలు పంపు పని నేర్చి, 1943 జూన్ 16వ తేది రాత్రి విమానమున ఫ్రాన్సున దిగెను. కొద్దిదినములలోఁ దన బృందమువా రనేకులు పట్టుపడినను తిరిగిరాక, స్థలములు మార్చుచుఁ బారిసునుండి వార్తలు పంపెను. అక్టోబరులోఁ బట్టుపడెను. సంకెళ్లలో మాసములుండి, 1944 సెప్టెంబరు 13న డాఖావున వధింపఁబడెను. 1949లో జార్జి క్రాసు అను బిరుదము వచ్చెను.

ఆమె శత్రువులకుఁ దన వారినిఁ జూపలేదని నిర్ణయించినవి మూఁడు: తన శాఖవారి కాగితములు, యుద్ధానంతరము వేరా అట్కిన్స్ చేసిన విచారణ, ఆమెను నిర్బంధించిన జర్మను అధికారి కీఫర్ మాట. శత్రువే చెప్పిన సాక్ష్యము బలవత్తరము. అట్లని లోపమును దాఁచరాదు. పంపిన వార్తల ప్రతులను ఆమె పుస్తకమున నుంచుకొనెను. అవి జర్మనుల చేతఁ బడి యితరుల నాశమునకుఁ గారణమయ్యెను. గూఢలేఖ్యము కంటఁ బడక పోయిననే గూఢలేఖ్యము. ఈ దోషమును జెప్పుటవలన నామె ధైర్యము తగ్గదు. చెప్పకుండుటవలన మన చరిత్రము తగ్గును.

ఉపసంహారము

పైవిచారమువలన సిద్ధించు నంశములు నాలుగు. స్త్రీచారము శాస్త్రవిహితము, దానికి మూలము సౌందర్యము గాదు, అనాదరము. ఎవ్వరును లెక్కచేయని ముదుసలి, విధవ, దాసి యేది విన్నను ఎవ్వరును శంకింపరు. రెండవది: ఆ యనాదరమే తరువాతఁ జరిత్రకారులయందును గలిగి, వారి పనిని దాదిపనిగానో, వెఱ్ఱిగానో, వలపుకథగానో మార్చినది. మూఁడవది: కల్పనను దీసివేయుటవలన వారికి నష్టము లేదు. 355 పోయినను సాయపడిన స్త్రీ మిగులును. బౌసర్ కథ పోయినను మేరీ రిచర్డ్స్ మిగులును. నాలవది: విజయనగరపు నగరులో లోపలి లెక్కలు వ్రాసిన స్త్రీలు న్యూనిజ్ వాక్యముచే సిద్ధులు, వారిని జారులుగాఁ జెప్పక, రాజ్యరహస్యమును గాచినవారుగాఁ జెప్పుట న్యాయము.

మెకెంజీ సేకరించిన కైఫియతులలోను, మన గ్రామముల శాసనములలోను నగరుదాసీల మాన్యములను, అంతఃపురపు లెక్కలను, వేగులకిచ్చిన యీవులను వెదకుట యావశ్యకము. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతముల పండితులు ఊరూర నట్టి మాటలు కనఁబడినపుడు, పేరు, తేది, తావుతోఁ బ్రతి వ్రాసికొని ప్రకటింపఁ బ్రార్థితులు. ఒక కైఫియతు చాలదు. దానితో శాసనమో, వేఱొకరి వ్రాఁతయో కలియవలయును. పాఠశాలలలోఁ బిల్లలకు విషకన్య కథకు బదులు సూదులసంచి కథను, దాని రెండు పాఠములను, వానిలోఁ గలియు నంశమును జెప్పినచో, చరిత్రమును బరీక్షించు విధము గూడ వారికి వచ్చును. ఏకశేషమున లోపించిన శబ్దముయొక్క యర్థము మిగిలినదానియం దున్నదని నేర్పువారము మనమే గాన, 'వేగులవారు' అన్నచోట నా యర్థమును విడువకుండుట మన విధి.